కరువును తట్టుకునే విత్తనం ఎక్కడ దొరుకుతుంది? జూలైలో వేసేది మే నెలలోనే ఇంట్లో ఉండాలి

తమ్ముడు అడిగింది ఇదీ. కల్వకుర్తి దగ్గర నాలుగెకరాల ఎర్ర చెలక, బోరు లేదు. రెండేళ్లుగా మృగశిర వానకు పత్తి పెడితే మొలిచింది మొలిచినట్టే ఎండిపోయింది, మళ్లీ ప్యాకెట్లకు అప్పు. కరువును తట్టుకునే విత్తనం ఏది, చిన్న రైతుకు ఎక్కడ దొరుకుతుంది, ఇంటి విత్తనం దాచుకోవడం చట్టం ఒప్పుకోదని షాపాయన చెప్పింది నిజమేనా, ఊళ్లో కొంతమంది కలిసి విత్తనం నిలవ పెట్టుకోవాలంటే ఎట్లా మొదలుపెట్టాలి. నేను పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కంది, ఆముదం, పల్లి విత్తనం పండించే రైతులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా. తెలిసినంత వరకు చెప్తా, పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట సాఫుగా చెప్తా తమ్ముడూ. కరువును తట్టుకునే విత్తనం అని ఒక్క ప్యాకెట్ కోసం వెతకొద్దు. మన చెలకల్లో ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది, చాలా ఏళ్లు ఆ లెక్క పెద్దగా తప్పదు కూడా. తప్పేది ఎప్పుడు పడుతుందన్నది. జూన్ రెండో వారంలో రెండు మంచి వానలు, జనమంతా విత్తుతారు, తర్వాత మూడు వారాలు ఎండ, గాలి, మొలక మాడుతుంది, మళ్లీ పుష్యమి కార్తెలో, అంటే జూలై ఆఖర్లో, చెరువులు నిండేంత వాన. అప్పుడు నేలలో పదును ఉంది, మనిషి సిద్ధంగా ఉన్నాడు, చేతిలో విత్తనం లేదు. ఆ రోజు షాపుకు పోతే పత్తి ప్యాకెట్ ఉంటుంది, మక్కజొన్న హైబ్రిడ్ ఉంటుంది. తక్కువ రోజుల కంది ఉండదు, కొర్ర ఉండదు, ఆముదం ఉండదు, ఉలవలు అడిగితే కిరాణా కొట్టుకు పొమ్మంటారు. జూలై ఆఖర్లో పత్తి మళ్లీ పెడితే ఎర్ర చెలకలో అది కాయ పట్టేసరికి తడి ఆరిపోతుంది, అయినా వేరే విత్తనం లేదు కాబట్టి జనం అదే పెడతారు. నీ రెండో అప్పు అట్లా వచ్చిందే. పాలమూరు నుంచి హైదరాబాదుకు, ముంబైకి, పుణేకు కూలికి పోయిన ఇండ్లలో ఆ రెండో విత్తు పోయిన ఇండ్లు ఎన్నో. కాబట్టి నా దృష్టిలో విత్తనం అందుబాటు అంటే జూలై 20న మీ ఊళ్లో, మీ ఇంట్లోనో పక్కింట్లోనో, ఏ విత్తనం ఉంది అన్నదే. ఏ రకం మంచిదన్నది దాని తర్వాత ప్రశ్న.

షాపులో ఎందుకు ఉండదంటే దానికి కారణం ఉంది. కంది ఎకరానికి రెండు మూడు కిలోలు చాలు. మంచి రకం ఒక్కసారి తీసుకున్న రైతు మూడేళ్ల దాకా మళ్లీ రాడు. ఎకరం చేను పండి మూడు క్వింటాళ్లే వచ్చినా అది వంద ఎకరాలకు విత్తనం. కొర్ర ఇంకా ఎక్కువ, ఎకరానికి రెండు కిలోలే కదా. ఇట్లాంటి పంటలో కంపెనీకి ఏటా గిరాకీ ఉండదు, డీలరుకు మిగిలేది లేదు. పత్తి అట్లా కాదు. 2002లో బీటీకి, అంటే కాయతొలిచే పురుగు కోసం జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చినప్పటి నుంచి మన దగ్గర పత్తి అంటే దాదాపు అంతా హైబ్రిడే, దాని గింజ మళ్లీ వేస్తే చెట్టు చెట్టుకూ తీరు మారిపోతుంది, కాబట్టి ఏటా కొనాల్సిందే. గద్వాల వైపు ఊళ్లకు ఊళ్లు పత్తి హైబ్రిడ్ విత్తనం పండిస్తాయి, అది ఎన్నో రాష్ట్రాలకు పోతుంది. పక్కనే మక్తల్, నారాయణపేట రైతుకు కంది విత్తనం అవసరమైన వారంలో దొరకదు. నాకు బాధ కలిగించే విషయం ఇది, ఎందుకంటే విత్తనం పండించడం చేతకాని నేల కాదు మనది.

ఇక పంటలు. నీ నేలకు నేను మొదట చెప్పేది కంది. కందిలో రోజుల లెక్క చూసుకోవాలి. ఆశ, అంటే ఐసీపీఎల్ 87119, పేరున్న రకం, ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకుంటుంది, కానీ దానికి 170–180 రోజులు పడుతుంది. తాండూరు వైపు లోతైన నల్లరేగడిలో జనవరి దాకా తడి నిలుస్తుంది కాబట్టి అక్కడ అట్లాంటి దీర్ఘకాలం కంది నడుస్తుంది. నీ ఎర్ర చెలకలో నవంబరు దాటితే పది అంగుళాల కింద కూడా తడి ఉండదు, పూత కాయ ఆ టైమ్‌కు పడితే గింజ సన్నబడుతుంది. నీకు కావాల్సింది పాలెం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఉజ్వల, పీఆర్‌జీ 176. 130–135 రోజుల్లో కోతకొస్తుంది. జూన్‌లో వేసిన విత్తు పోయినా, దీన్ని జూలై 20కి వేస్తే నవంబరు నెలాఖరుకు ఇంటికొస్తుంది. ఆలస్యంగా వేసినప్పుడు సాలు దగ్గర చేసి విత్తనం కాస్త పెంచాలి, ఎందుకంటే చెట్టు అంతగా గుబురు కాదు.

కంది ఒక్కటే వేయొద్దు. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది వెయ్యి. కొర్రలో నంద్యాల రకాలు ఎస్ఐఏ 3085, ఎస్ఐఏ 3156 మన దగ్గర బాగా నడుస్తాయి, 80–85 రోజులు. జూన్ ఆఖరున వేస్తే బతుకమ్మకు ముందే కొర్ర ఇంట్లో ఉంటుంది, కంది అప్పుడు పైకి లేస్తుంది. సెప్టెంబరులో వాన పోయినా తిండి గింజ చేతికొచ్చినట్టే. రేషన్‌లో బియ్యం వస్తున్నాయి కదా అంటారు, వస్తున్నాయి, మంచిదే. కానీ పప్పు, కొర్ర, జొన్న కొనుక్కుని తినే రైతు కుటుంబం పత్తి ధర పడిన ఏడాది మొదట కోసుకునేది పప్పునే, పిల్లల పళ్లెంలోనే తేడా కనిపిస్తుంది. ఆ మాట విత్తనం గురించి మాట్లాడేవాళ్లు మర్చిపోకూడదు.

ఆముదం గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఆముదమంటే మహబూబ్‌నగర్, నల్లగొండే. పత్తి వచ్చాక చాలా చేండ్లు మారిపోయాయి. పాలెంలోనే పుట్టిన క్రాంతి, హరిత రకాలు ఉన్నాయి, ఇవి హైబ్రిడ్లు కావు, గింజ దాచుకోవచ్చు. ఎండు తెగులు ఉన్న నేలకు హరిత మేలు. జూలై నెలాఖరు దాకా వేసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, గెల పట్టినప్పుడు ముసురు పట్టి రోజుల తరబడి వదలకపోతే బూజు తెగులు వస్తుంది, అందుకే నాలుగెకరాలూ ఆముదమే పెట్టమని చెప్పను. ఆగస్టు కూడా దాటిందా, ఉలవలు. సెప్టెంబరు దాకా వేయొచ్చు, పెట్టుబడి లేదు, పశువులకు మేత కూడా అవుతుంది. ఉలవ విత్తనానికి ఏ కేంద్రానికీ పోనక్కర్లేదు, ఊళ్లో ముసలవ్వల దగ్గర ఉంటుంది. పచ్చజొన్న కూడా అంతే, అదింకా కొన్ని ఇండ్లలో బతికి ఉంది. అయితే జొన్న ఒక్కరే వేస్తే పిట్టలు మిగల్చవు, నలుగురు పక్కపక్కన వేయాలి.

బోరు కింద వరి వేసే నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు ఒక్క ముక్క. సాంబ మసూరి 145–150 రోజులు, తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, దాదాపు 125 రోజులు, రెండూ సన్నగింజలే. మార్చిలో బోరు నోరు తెరిచే చోట ఆ మూడు వారాలే పంట. వరి తనకు తానే పరాగం చేసుకునే పంట కాబట్టి రకం నిక్కచ్చిగా ఉంటే ఇంటి విత్తనం ధైర్యంగా వాడొచ్చు, మడిలో వేరే మొక్కలు కనిపిస్తే పీకేయడం మాత్రం మర్చిపోవద్దు.

పల్లి సంగతి వేరు, దాని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న రైతును ఎక్కువ అప్పులోకి దించే విత్తనం అదే. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలలో యాసంగి పల్లి బాగా వేస్తారు. ఎకరానికి 60 నుంచి 80 కిలోల పప్పు కావాలి. ఎనిమిది క్వింటాళ్ల కాయ పండినా ఒలిస్తే వచ్చే పప్పు ఎనిమిది తొమ్మిది ఎకరాలకే సరిపోతుంది, కందిలాగా వంద ఎకరాలకు కాదు. అంటే ఎవరో దూరాన పండించి లారీల్లో తేవాలి, నిలవ చేయాలి, అందుకే ఖరీదు, అందుకే సెప్టెంబరులో కొరత. పైగా యాసంగి పల్లిని ఎండలు ముదిరాక పీకి కళ్లంలో పరిచి ఆరబెడితే గింజలో ప్రాణం దెబ్బతింటుంది, ఆ తర్వాత వానాకాలం అంతా చెమ్మలో ఉండి మళ్లీ విత్తే రోజుకు మొలక సగానికి పడిపోతుంది. దీనికి మన పెద్దలు చేసిన పద్ధతే సరైనది. వానాకాలంలో పావు ఎకరమో అరెకరమో పల్లి విత్తనం కోసమే వేయడం, అక్టోబరు లోపల పీకి చెట్లను తిరగేసి కాయ పైకి పెట్టి ఆరబెట్టడం, ఆ తాజా కాయను యాసంగికి వాడటం. విత్తడానికి వారం పది రోజుల ముందు మాత్రమే ఒలవాలి, ఒలిచి నెలలు పెట్టొద్దు. కదిరి-6 లాంటి గుత్తి రకాలకు నిద్రావస్థ, అంటే పీకాక కొన్నాళ్లు మొలవకుండా ఉండే గుణం, పెద్దగా ఉండదు కాబట్టి వెంటనే మొలుస్తాయి. అయితే అదే కారణంగా పీకడం ఆలస్యమై వాన పడితే చేనులోనే మొలకెత్తుతాయి, ఆ రోజుల్లో మబ్బు చూసుకుంటూ ఉండాలి.

ఎక్కడ దొరుకుతుంది అన్నావు. నీకు దగ్గరది పాలెం, నాగర్‌కర్నూల్ జిల్లా. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాంతీయ పరిశోధన స్థానం అది, దక్షిణ తెలంగాణ మొత్తానికి. పక్కనే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. వనపర్తి వాళ్లకు మదనాపురం, మిర్యాలగూడ వైపు వాళ్లకు కంపాసాగర్, సూర్యాపేట వాళ్లకు గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు. యూనివర్సిటీ మే నెలలో విత్తన మేళా పెడుతుంది, ఆ రోజు జనం ఎక్కువ, సరుకు తక్కువ, పొద్దున్నే పోవాలి. అక్కడ పది కిలోలు అడిగితే రెండు కిలోలే ఇస్తారని కొందరు కోపంగా తిరిగొస్తారు. రెండు కిలోలు చాలు తమ్ముడూ. కందిలో రెండు కిలోలు అంటే వచ్చే ఏడు మీ ఊరంతటికీ విత్తనం. 2025 వానాకాలంలో యూనివర్సిటీ వాళ్లు ఊరూరా కొంతమంది రైతులకు నాణ్యమైన విత్తనం ఇచ్చి, పండించి తోటి రైతులకు పంచమన్నారు. మీ మండలంలో ఎవరు తీసుకున్నారో రైతువేదికలో ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడుగు, ఆ చేను పండిన తీరు చుట్టుపక్కల వాళ్లను అడుగు. విత్తన గ్రామం పథకం కూడా ఉంది, అందులో ఎకరం దాకా విత్తనానికి ధాన్యాలకు 50 శాతం, పప్పు, నూనెగింజలకు 60 శాతం రాయితీగా పెట్టారు. ఈ ఏడు మీ ఏఈవో చూసే ఊళ్లకు వచ్చిందా లేదా అన్నది ఏప్రిల్‌లోనే కనుక్కోవాలి, జూన్‌లో అడిగితే అయిపోయిందంటారు.

కొనేటప్పుడు సంచికి కుట్టిన ట్యాగ్ చూడు. పసుపు ట్యాగ్ బ్రీడర్ విత్తనం, అంటే రకం తయారుచేసిన వాళ్ల మూల విత్తనం, దాని నుంచి పండించింది తెలుపు ఫౌండేషన్, దాని నుంచి పండించి సర్టిఫికేషన్ సంస్థ చూసి ఒప్పుకున్నది నీలం సర్టిఫైడ్. ఆకుపచ్చ ఉంటే కంపెనీయే తన మాట మీద ఇచ్చిన విత్తనం, సర్టిఫికేషన్ సంస్థ వాళ్లు ఆ చేను చూసి ఇచ్చింది కాదు. ఆకుపచ్చ అంటే చెడ్డదని కాదు, కానీ తేడా తెలిసి కొనాలి. గడ్డి మందు కొట్టినా చావదని చెప్పి సంచుల్లో లూజుగా అమ్మే పత్తి గింజల జోలికి అసలు పోవద్దు. దానికి దేశంలో అనుమతి లేదు, బిల్లు ఇవ్వరు, మొలవకపోతే అడగడానికి మనిషి కనిపించడు.

చట్టం గురించి. నీకు షాపాయన చెప్పింది తప్పు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. రైతు తను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అది ఎవరైనా రిజిస్టర్ చేసుకున్న రకమైనా సరే. చేయకూడనిది ఒక్కటే, రక్షణ ఉన్న రకాన్ని ప్యాకెట్ చేసి లేబుల్ వేసి బ్రాండు విత్తనంగా అమ్మకూడదు. 1966 విత్తన చట్టం 24వ సెక్షన్ కూడా తను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే, విత్తుకునే మనిషికి నేరుగా ఇచ్చే రైతుకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మీ ఊళ్లో ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి కంది విత్తనం పోవడంలో నేరం ఏమీ లేదు. ఎవరైనా బెదిరిస్తే ఈ రెండు సెక్షన్ల నంబర్లు చెప్పు. హైబ్రిడ్ల గింజ దాచొద్దని నేను చెప్పేది చట్టం వల్ల కాదు, అది రెండో ఏడు సరిగ్గా పండదు కాబట్టి.

ఇప్పుడు దాచడం. విత్తనం కళ్లంలో తయారు కాదు, చేనులో తయారవుతుంది. పూత మీద ఉన్నప్పుడు ఒకసారి, కాయ మీద ఒకసారి చేను తిరిగి, తీరు వేరుగా ఉన్న చెట్లు, ఎండు తెగులు కొట్టిన చెట్లు, గుబురుగా పెరిగి పూత రాని వెర్రి తెగులు చెట్లు పీకేయాలి. కందిని తేనెటీగలు కలిపేస్తాయి. సర్టిఫైడ్ విత్తనానికి వేరే రకం కంది నుంచి 100 మీటర్ల దూరం ఉండాలని నిబంధన. రెండెకరాల రైతుకు 100 మీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే పక్కపక్క చేండ్ల వాళ్లు మాట్లాడుకుని అందరూ ఒకే రకం వేయాలి, నడి మధ్య చేను విత్తనానికి ఉంచాలి. కొర్ర, ఉలవ, పెసర, పల్లి, వరికి ఇంత బాధ లేదు. సజ్జకు మాత్రం 200 మీటర్లు కావాలి, అది ఇంట్లో నిక్కచ్చిగా నిలపడం కష్టం, మూడేళ్లకోసారి తప్పకుండా మార్చు. కంది కూడా మూడేళ్లకోసారి పాలెం నుంచి కొత్త రెండు కిలోలు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

పప్పుగింజలకు పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్డు పెట్టి వస్తుంది. బాగా ఎండబెట్టి, కొరికితే కటుక్కుమనేదాకా, చల్లారాక దాచాలి, వేడి మీద సంచి కడితే లోపల చెమ్మ పడుతుంది. కందికి ఎర్రమట్టి పూత పెట్టి ఎండబెట్టడం మన దగ్గర పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. బూడిద కలపడం, కిలోకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె పట్టించడం కూడా పనిచేస్తాయి. గాలి చొరని మూడు పొరల సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి, మందు మాత్రలు లేకుండా పురుగు లోపలే చస్తుంది, ఊరి నిలవకు నేను వాటినే చెప్తా. ఇంట్లో గోడకు ఆనించి, సిమెంటు నేల మీద నేరుగా పెట్టొద్దు, కింద చెక్కలు వేయి.

మొలక పరీక్ష లేకుండా ఏ విత్తనమూ నేలలో వేయొద్దు, కొన్నదైనా ఇంటిదైనా. తడి గోనెసంచి మీద వంద గింజలు వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టి, రోజూ తడుపుతూ వారం తర్వాత లెక్కపెట్టు. గట్టి మొలకలే లెక్కలోకి, వంకర టింకరవి కాదు. కందికి, జొన్నకు, పెసరకు 75, వరికి 80, పల్లికి, ఆముదానికి 70 మొలవాలి, చట్టం ప్రకారం సర్టిఫైడ్ విత్తనానికి కనీసం అంత ఉండాలి. 60 మొలిచినా పారేయనక్కర్లేదు, ఆ లెక్కన విత్తనం పెంచి వెయ్యి. ఈ పని ఇంట్లో అమ్మ, అక్క చేతిలో పెట్టు. ఏ గింజ ఎక్కడిది, ఏది ఉడుకుతుంది, ఏది రొట్టెకు వస్తుంది అన్న జ్ఞానం ఇప్పటికీ ఆడవాళ్ల దగ్గరే ఉంది, విత్తనం మీటింగులకు మాత్రం మగవాళ్లమే పోయి కూర్చుంటాం.

ఊరి విత్తన నిలవకు వద్దాం. జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చాలా ఏళ్లుగా చిరుధాన్యాల విత్తనం ఇట్లాగే నిలుపుకుంటున్నాయి, 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. వీలైతే ఒకసారి పోయి చూసి రండి. మీకు పెద్ద భవనం అక్కర్లేదు. లెక్క చూడు: 40 కుటుంబాలు, ఒక్కొక్కరికి ఎకరం రెండో విత్తుకు సరిపడా. కంది మూడు కిలోల చొప్పున 120 కిలోలు, కొర్ర 80 కిలోలు, ఉలవలు ఎనిమిది కిలోల చొప్పున 320 కిలోలు. మొత్తం ఐదు క్వింటాళ్ల పైన. ఒక మూల గది చాలు. కానీ ఒకే ఇంట్లో పెట్టొద్దు, మూడు ఇండ్లలో పెట్టండి, ఒక చోట ఎలుకలు కొట్టినా, పెంకులు కారినా రెండు మిగులుతాయి.

నిబంధనలు తక్కువ పెట్టుకోండి, గట్టిగా పెట్టుకోండి. తీసుకున్నవాడు కిలోకు ఒకటిన్నరో రెండో తిరిగివ్వాలి, అదీ విత్తనానికి పనికొచ్చే గింజే, మార్కెట్‌లో పోని తాలు కాదు. తిరిగిచ్చే గింజను ఇద్దరు ఆడవాళ్లు చూసి ఒప్పుకున్నాకే పుస్తకంలో కొట్టేయాలి. పంట మొత్తం పోయినవాడి బాకీ వచ్చే ఏడుకు పోవాలి, వడ్డీ లేకుండా. అన్నిటికన్నా ముఖ్యం, నిలవలో సగం జూలై 15 దాకా ఎవరికీ ఇవ్వొద్దు, సర్పంచ్ అడిగినా సరే. జూన్‌లో అందరికీ పంచేస్తే అది మామూలు విత్తన పంపకమే అవుతుంది. జూలై 15న తాళం తీసే విత్తనమే ఎండిపోయిన చేనును మళ్లీ నిలబెట్టేది. సంఘాలు చెడిపోయేది కూడా ఎక్కువగా ఇక్కడే, మొదటి ఏడు ఉత్సాహంలో అంతా పంచేసి రెండో ఏడు ఖాళీ గది చూస్తారు. వానలు బాగా పడి ఆ సగం వాడకపోతే నష్టం లేదు, ఆగస్టులో తిండికో అమ్మకానికో పోతుంది, ఉలవ మాత్రం సెప్టెంబరు దాకా ఆపండి.

కొన్న విత్తనం మొలవకపోతే ఏం చేయాలని ఇంకో అన్న కూడా అడిగారు. బిల్లు, ఖాళీ ప్యాకెట్, ట్యాగ్ పంట ఇంటికొచ్చేదాకా దాచాలి, లాట్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోవాలి, ఒక గుప్పెడు గింజ విత్తకుండా ఉంచాలి. మొలకలు రాని వారంలోనే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి, చేనులోకి పిలిచి పంచనామా చేయించాలి. నెల తర్వాత పోతే వాన లేదు, లోతుగా వేశావు అంటారు. వినియోగదారుల కమిషన్‌కు కూడా పోవచ్చు. జాతీయ విత్తన సంస్థ కేసులో 2012లో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తేల్చింది. మన ఉమ్మడి రాష్ట్రం రైతులు గెలిచిన కేసు అది, మనవాళ్లకే చాలామందికి తెలియదు.

ఈ ఏడు నీ నాలుగెకరాలకు నేనైతే ఇట్లా చెప్తా. మొదటి వానకు తొందరపడకు. తేలిక నేలలో 50–60 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తాలని యూనివర్సిటీ వాళ్లు ప్రతి ఏడూ చెప్తారు, కొలిచే సాధనం లేకపోతే చేనులో గుంత తీసి జానెడు లోతు తడి దిగిందా చూడు. రెండెకరాలు కొర్ర, కంది. ఎకరం ఆముదం. మిగిలిన ఎకరంలో పత్తి పెట్టాలని ఉంటే పెట్టు, ఉన్న పళంగా మానేయమనను, చేతికి డబ్బు కావాలి కదా, కానీ అది పోతే రెండోసారి పత్తి కొనొద్దు, ఆ ఎకరానికి మూడు కిలోల ఉజ్వల విడిగా పక్కన పెట్టుకో. కంది చేనులో నడి భాగం పది గుంటలు విత్తనానికి వదులు, అక్కడ కోత వేరుగా, నూర్పిడి వేరుగా.

పాలెం పోయే ముందు ఫోన్ చేసి సరుకు ఉందో లేదో కనుక్కో, ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్ పట్టుకుపో, పక్క రైతులు ఇద్దరినైనా వెంట తీసుకుపో, ముగ్గురికీ తలా రెండు కిలోలు వచ్చినా మీ నిలవకు మొదలు పడినట్టే. ఉజ్వల అక్కడ దొరక్కపోతే నాకు రాయి, చుట్టుపక్కల మండలాల్లో పోయిన ఏడు ఎవరు పండించారో కనుక్కుని చెప్తా.